క్రిన్ అంతోనెస్కును తెలుగులో 'ఉదారవాది' అనొచ్చా?

అందరికీ నమస్తే. రుమేనియా నాయకుడు క్రిన్ అంతోనెస్కు మీద చిన్న వ్యాసం రాస్తున్నా, ఒక మాట దగ్గర ఇరుక్కుపోయాను. ఆయన నేషనల్ లిబరల్ పార్టీ మనిషి. అసలు చరిత్ర టీచరు, 1997 నుంచి 2000 దాకా యువజన, క్రీడల మంత్రి, తర్వాత పార్టీ అధ్యక్షుడు. ఆ పార్టీ 'లిబరల్' అంటే మార్కెట్ వైపు మొగ్గే మధ్యే-కుడి (సెంటర్-రైట్) పక్షం, కానీ 'ఉదారవాది' అని రాస్తే మనవాళ్లు వామపక్షం వైపు అనుకుంటారేమోనని నా టెన్షన్.

పైగా 2012లో వామపక్షం వైపున్న సోషల్ డెమొక్రాట్లతో కలిసే అప్పటి దేశాధ్యక్షుడు ట్రయాన్ బసెస్కును అధ్యక్ష పదవి నుంచి సస్పెండ్ చేయించి, సెనేట్ అధ్యక్షుడి హోదాలో తానే తాత్కాలిక అధ్యక్షుడయ్యారు. జులై 29 రెఫరెండంలో (ప్రజాభిప్రాయ సేకరణలో) ఓటేసినవాళ్లలో ఎక్కువమంది తొలగించమన్నా, చెల్లుబాటుకు కావాల్సిన 50 శాతం పోలింగ్ దాటలేదు, బసెస్కు మళ్లీ కుర్చీ ఎక్కారు!

ఇంకో తమాషా, దేశాధ్యక్ష ఎన్నికల్లో ఆయనకు 2009లో 20.02 శాతంతో మూడో స్థానం, 2025లో 20.07 శాతంతో మళ్లీ మూడో స్థానమే.

మరి 'లిబరల్' అనే ఉంచేయనా? యూరప్ రాజకీయాలు తెలుగులో రాసేవాళ్లు మీరేం వాడుతున్నారో కాస్త చెప్పండి ప్లీజ్.