మేడ మీద నుంచి పైకి విసిరిన బంతి: రూట్‌లో మైనస్ ఎందుకొస్తోంది?

ప్రశ్న: 25 మీ. మేడ అంచు నుంచి బంతిని 20 మీ/సె వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరితే నేలను ఎప్పుడు తాకుతుంది? జీ (గురుత్వ త్వరణం) = 10 మీ/సె². టీ అంటే సమయం అనుకుని 25 = 20టీ − 5టీ² అని రాస్తే రూట్‌లో మైనస్ వస్తోంది. తప్పెక్కడ?

జవాబు 1: గుర్తులోనే అండి. పైదిశను ప్లస్‌గా తీసుకున్నారు, నేలేమో కింద ఉంది. కాబట్టి స్థానభ్రంశం (విసిరిన చోటు నుంచి చివరి చోటుకి తేడా) −25. అప్పుడు టీ² − 4టీ − 5 = 0, టీ = 5 సెకన్లు. +25 అంటే బంతి మేడకన్నా 25 మీ. పైకెళ్లాలి, కానీ అది వెళ్లేది 20 మీటర్లే. రూట్ మొరాయించింది అందుకే.

జవాబు 2: బంతి తిరిగిన మొత్తం దూరం అడిగితే మాత్రం పైకి 20 + కిందికి 45 = 65 మీ. పైచివర వేగం సున్నా, త్వరణం అక్కడా −10 మీ/సె². చాలామంది తడబడేది ఇక్కడే.

జవాబు 3: ఆ సమీకరణానికి వచ్చే రెండో జవాబు టీ = −1 కీ అర్థముంది. ఒక సెకను ముందు నేల నుంచి 30 మీ/సెతో విసిరినా ఇదే చలనం.