సాంగ్‌బర్డ్‌ని తెలుగులో ఏమందాం? కోయిల కాదంట!

మా పాపకి స్కూల్లో చార్ట్ ఇచ్చారు, ఒక ఫ్లవరింగ్ ప్లాంటూ ఒక సాంగ్‌బర్డూ తీసుకుని రెండిటి వర్గీకరణ, అంతరించే ముప్పు ఉందా లేదా పక్కపక్కన రాయాలి, అదీ తెలుగులో. ఇదెంతసేపు అనుకుని పూలమొక్క, పాటపిట్ట అని హెడ్డింగులు పెట్టి కింద ఎర్రచందనం, కోయిల అని రాయించేశా. పొద్దున కేబీఆర్ పార్కులో వాకింగ్‌కొచ్చే బాటనీ సార్ ఒకాయన చూసి నవ్వారు. ఎక్కడ తప్పు?

— అన్నా ముందు కోయిలని తీసెయ్. పాట బాగున్నంత మాత్రాన సాంగ్‌బర్డ్ కాదు, లోపల కూత పుట్టించే సిరింక్స్ అనే అవయవం కండరాలు ఎలా ఉన్నాయో అది లెక్క. కోయిల కుకులిఫార్మిస్ అనే వరసలోది, జెముడుకాకికి చుట్టం. కాకేమో పాసెరిఫార్మిస్, అంటే పిచ్చుక వరస, అందులోనూ అసలు సిసలు సాంగ్‌బర్డ్! వసంతం వస్తే కాకి కాకే కోయిల కోయిలే అని శ్లోకం చెప్పుకుంటాం గానీ సైన్సు ఉల్టా చేసి పెట్టింది. పైగా కోయిల పిల్లల్ని పెంచేది ఆ కాకే.

— పూలమొక్క కూడా కుదరదండీ. మనకి పూలమొక్కంటే బాల్కనీ కుండీలో మల్లె, చామంతి, అంతేగా. బాటనీలో వరి, గరిక, మేడిచెట్టు కూడా ఆ లెక్కలోకే వస్తాయి, మేడికి పూలు కాయ లోపలే దాక్కుంటాయి కాబట్టి కనపడవు. మేం తెలుగు మీడియంలో ‘పుష్పించే మొక్కలు’ అని చదివాం, పెద్ద క్లాసుల్లో ‘ఆవృతబీజాలు’. ఎర్రచందనం మార్చక్కర్లేదు, కందీ చింతా ఉన్న ఫాబేసీ కుటుంబమే.

— ‘పిట్ట’ మీద నాదో డౌటు. పొన్నంగి పిట్టకి సైన్సులో ఉన్న పిట్టా అనే పేరు మన తెలుగు మాటే, 1816లో వియో అనే ఫ్రెంచ్ పక్షి శాస్త్రవేత్త పెట్టాడు. అదీ పాసెరిఫార్మిసే, కానీ సాంగ్‌బర్డుల కొమ్మలో లేదు. అంటే ‘పాటపిట్ట’ అంటే అసలు పిట్టకే చోటు ఉండదు 😀 గానపక్షి అనేస్తే?

— గానపక్షి అని రాసి పక్కన కాకి బొమ్మా? సరే, అదే పెట్టాం. ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఎర్రజాబితాలో ఎర్రచందనం ఎన్‌డేంజర్డ్, శేషాచలం చుట్టుపక్కల తప్ప అడవిలో పెద్దగా పెరగదు, దానికితోడు స్మగ్లింగు. దానికి ‘అంతరించే ముప్పు’ అని రాశాం. కాకిది లీస్ట్ కన్సర్న్. దానికి పాప ‘ఢోకా లేదు’ అని రాసింది, నేను మార్చలేదు. మా అమ్మ మాత్రం అంత మంచి చార్టు మీద కాకేంట్రా అంటోంది.