అమెరికా కాల్చిన బొగ్గుకి మనల్ని ఆపడం న్యాయమా? డిబేట్‌కి సాయం కావాలి

ప్రశ్న (విశాఖ విద్యార్థిని):

వచ్చే వారం మా కాలేజీలో డిబేట్ ఉంది. "వాతావరణ ఉద్యమాలు పేద దేశాల అభివృద్ధికి అడ్డు" అన్నది అంశం. నేను కాదని వాదించాలి. ఇంట్లో మా మావయ్య దగ్గరే నోరు పెగలడం లేదు. అమెరికాలో తలసరి కార్బన్ డయాక్సైడ్ ఏడాదికి దాదాపు 14 టన్నులు, మనది 2 టన్నులే అంటారు ఆయన. ఇన్నేళ్లలో గాల్లోకి చేరిన దాంట్లో ఇంచుమించు నాలుగో వంతు వాళ్లదే. వాళ్లు బాగుపడిపోయి ఇప్పుడు మనల్ని బొగ్గు మానెయ్యమనడం ఏం న్యాయం, థర్మల్ ప్లాంటు వద్దని ఇక్కడ రోడ్డెక్కేవాళ్లు వాళ్లకే మేలు చేస్తున్నారు కదా అంటారు. అంకెలు నిజమే. మరి నేనేం చెప్పాలి?

జవాబు 1 (రాజమండ్రి నుంచి):

ఆ అంకెలు మీరే ముందు చెప్పేయండి, ఎదుటివాళ్లకు మిగలకుండా. 2024లో బాకూలో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సులో పేద దేశాలు వాతావరణ సాయంగా ఏడాదికి 1.3 ట్రిలియన్ డాలర్లు అడిగితే, 2035 నాటికి ఏడాదికి 300 బిలియన్లు అని తేల్చారు. మన ప్రతినిధి ఆ సభలోనే లేచి అభ్యంతరం చెప్పారు. ఇంకొకటి. పసిఫిక్‌లోని వనువాటు అనే చిన్న ద్వీప దేశంలో లా చదివే పిల్లలు 2019లో ఒక ప్రచారం మొదలుపెట్టారు. అది ఐక్యరాజ్యసమితి దాకా, అక్కణ్ణుంచి అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లింది. వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధమైన బాధ్యత అని 2025 జులై 23న న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా చెప్పారు. ధనిక దేశాలను నిలదీస్తున్నది ఉద్యమాలే.

జవాబు 2 (సోంపేట వైపు మనిషి):

చెల్లెమ్మా, మాది శ్రీకాకుళం జిల్లా, సోంపేట దగ్గర. మా బీల సంగతి చెబుతాను, పనికొస్తే వాడుకో.

బీల అంటే ఊళ్ల మధ్య పల్లంలో నీళ్లు నిలిచే పెద్ద చిత్తడి నేల. చేపలు పట్టేవాళ్లు, పశువులు మేపేవాళ్లు, ఆ నీటితో వరి పండించేవాళ్లు దాని మీదే బతుకుతారు. కాగితాల్లో మాత్రం దాన్ని పనికిరాని భూమి అని రాశారు. 2640 మెగావాట్ల థర్మల్ ప్లాంటుకి ఒక ప్రైవేటు కంపెనీకి అప్పజెప్పారు. 2009 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు, జనం వద్దన్నారు. డిసెంబర్లో పర్యావరణ అనుమతి వచ్చేసింది. రిలే దీక్షలు మొదలయ్యాయి. 2010 జులై 14న పోలీసుల రక్షణతో పనులు మొదలుపెట్టబోతే ఊళ్లన్నీ కదిలాయి. కాల్పులు జరిగాయి, కనీసం ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది.

ఆగస్టులో జనం మాట విని ఉంటే జులైలో ఆ శవాలు లేచేవి కావు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

మీ మావయ్య గారు మన దేశానికి రావాల్సిన వాటా గురించి మాట్లాడుతున్నారు. అది న్యాయమే, నేనూ అడుగుతాను. కానీ ఆ వాటా పేరు చెప్పి ఎవరి నీళ్లు తీసుకుంటున్నారో కూడా అడగాలి కదా. బీల పోతే పోయేది చేపలు పట్టేవాళ్ల బతుకు, కరెంటు వెళ్లేది ఎక్కడెక్కడికో. వనువాటు వాళ్లు అమెరికాని ఏమడుగుతున్నారు? మా బతుకు మమ్మల్ని అడక్కుండా మీరు తేల్చెయ్యకండి అనే కదా. మా ఊళ్లవాళ్లు ఢిల్లీని అడిగిందీ అదే. అక్కడ దాన్ని న్యాయం అని, ఇక్కడ దాన్నే అభివృద్ధికి అడ్డు అని అంటే నేను ఒప్పుకోను. మా వాళ్లు వాతావరణ మార్పు అన్న మాటతో మొదలుపెట్టలేదు, నీళ్లతో మొదలుపెట్టారు. అయినా అంత బొగ్గు కాలకుండా ఆపింది వాళ్లే.

జవాబు 3 (హైదరాబాద్, లా చదువుతున్నాను):

సోంపేట అన్న చెప్పినదానికి చట్టం వైపు నుంచి ఒక మాట. పర్యావరణ అనుమతులు ఎలా ఇవ్వాలో చెప్పే కేంద్రం 2006 నోటిఫికేషన్ ప్రకారం బహిరంగ విచారణకు, అంటే అన్న చెప్పిన ప్రజాభిప్రాయ సేకరణకు, కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, ప్లాంటు వల్ల పర్యావరణానికి ఏమవుతుందో చెప్పే నివేదిక సారాంశం స్థానిక భాషలో కూడా ఉండాలి. దాని స్థానంలో తేవాలనుకున్న 2020 ముసాయిదాలో ఆ గడువును 20 రోజులకు తగ్గించబోయారు. ఆ ముసాయిదాని తెలుగు సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషలన్నిటిలోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు 2020 జూన్ 30న ఆదేశించాల్సి వచ్చింది. అంతకు ముందు నెలలోనే మీ విశాఖలో ఒక ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది, గుర్తుండే ఉంటుంది. తనకు అర్థమయ్యే భాషలో కాగితం అందని మనిషి విచారణకు వెళ్లి ఏం మాట్లాడతాడు?

ప్రశ్న అడిగినామె:

అన్నా, చాలా థ్యాంక్స్. బీల సంగతితోనే మొదలుపెడతాను. లా చదివే వారికి ఒక చిన్న ప్రశ్న: మా వైపు ఏదైనా ప్లాంటుకి విచారణ పెడితే పూర్తి నివేదిక ఎక్కడ చూడొచ్చు?

జవాబు 3:

కలెక్టరాఫీసు, జిల్లా పరిషత్, జిల్లా పరిశ్రమల కేంద్రం, కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసు. అక్కడికి వెళ్లి అడిగితే చూపించాలి. విచారణకు వెళ్తే మీ అభ్యంతరం రాతపూర్వకంగా కూడా ఇవ్వండి, ఒక కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి.