అప్‌డేట్: గుత్తికొండ బిలం దాకా సున్నపురాతి నేల మీద నడక

శరదృతువులో గుంటూరు నుంచి ఒక్క రోజులో వెళ్లి, సున్నపురాతి నేల మీద నడిచి రాగల దారి చెప్పమని గత నెలలో అడిగాను. గుత్తికొండ బిలానికి వెళ్లమని, తెల్లవారకముందే బయలుదేరమని మీరిచ్చిన సలహా ప్రకారం మొన్న ఆదివారం నాన్నగారితో కలిసి వెళ్లి వచ్చాను. అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు.

పిడుగురాళ్ల దాకా బస్సు, ఆపైన ఆటో, చివరికి నడక. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాననీరు ఈ రాతిని కరిగిస్తూ పగుళ్లను వెడల్పు చేయడం వల్లనే బిలాలు ఏర్పడతాయని చదివి ఉన్నప్పటికీ, ఒక బండ మీద వేలు దూరేంత గాడిలో రాత్రి కురిసిన నీరు నిలిచి ఉండటం చూశాకే అది నాకు నిజంగా అర్థమైంది. మేకుతో గీకగా రాలిన పొడి మీద నిమ్మరసం పిండితే సన్నని బుడగలు లేచాయి. నాన్నగారు గొంతుకూర్చుని ఆ పని నాచేత మూడుసార్లు చేయించారు.

పల్నాటి బ్రహ్మనాయుడు చివరకు ప్రవేశించాడని జనం చెప్పుకునే ఆ బిలంలో, మీరు హెచ్చరించినట్లే, వెలుతురు అందేంత వరకే వెళ్లాము. అమరావతి స్తూపపు శిల్పాలను చెక్కింది కూడా పల్నాటి సున్నపురాతిలోనే కాబట్టి, వచ్చే వారం అక్కడి మ్యూజియానికి వెళ్లాలని నాన్నగారు ఇప్పటికే నిర్ణయించారు.