హోఖ్‌డోర్ఫ్ సమాధిలో విందు సామాను ఎవరి కోసం?

కెల్టుల (ప్రాచీన ఐరోపా జాతుల) చరిత్ర తెలిసినవాళ్లు ఎవరైనా కాస్త చెప్తారా? జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర హోఖ్‌డోర్ఫ్‌లో 1978-79లో తవ్విన సమాధి క్రీ.పూ. 530 ప్రాంతానిది. అక్కడి నాయకుణ్ణి దహనం చేయలేదు, కంచు పడక మీద పడుకోబెట్టారు. చెప్పులకు కూడా బంగారు రేకులు (అంత్యక్రియల కోసమే చేయించారట!). నాలుగు చక్రాల బండి, తేనెతో చేసిన మద్యం పోసిన పెద్ద కంచు గంగాళం, తాగడానికి తొమ్మిది కొమ్ము పాత్రలు. అంటే తొమ్మిది మందికి విందన్నమాట.

దాదాపు 500 ఏళ్ల తర్వాత గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) మీద దండెత్తిన రోమన్ సేనాని జూలియస్ సీజర్ మాత్రం, అక్కడి కెల్టులైన గాల్ ప్రజలు చనిపోయినవారికి ఇష్టమైనవన్నీ చితిలో వేసేవారని, ఆత్మ ఒకరి నుంచి మరొకరిలోకి వెళ్తుందని వాళ్ల పూజారులైన డ్రూయిడ్లు బోధించేవారని రాశాడు. మళ్లీ పుట్టేవాడికి గంగాళం ఎందుకు? మధ్యలో నమ్మకమే మారిందా, లేక ఆ సామానంతా హోదా చూపించడానికేనా? అసలు శత్రువు రాసినదాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?