అప్‌డేట్: ఈనియిడ్ వ్యాసాలు దిద్దడం అయిపోయింది

పోయిన వారం అడిగాను కదా, రోమన్ కవి వర్జిల్ లాటిన్ మహాకావ్యం ‘ఈనియిడ్’ నాలుగో సర్గ మీద విశ్లేషణ రాయమంటే మా గుంటూరు పిల్లల్లో సగం మంది కథే చెప్పారు, మార్కులెలా వేయాలని. మీరన్నట్టే ముందు మార్కుల జోలికి పోకుండా అన్నీ చదివి, కవి వాడిన మాటను పట్టుకుని వాదించిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టాను. తేడా అప్పుడు తెలిసింది. తెనాలి నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయి పేపరుకి, ఇంగ్లీషు తప్పులు చూసి, పదికి నాలుగే అనుకున్నాను. కానీ ఆ అమ్మాయి, తనను వదిలి వెళ్తున్న కథానాయకుడు ఈనియస్‌ మీద రాణి డైడో వేసిన నిందలన్నీ అయ్యాక సరిగ్గా 393వ పంక్తిలోనే అతన్ని కవి ‘పియుస్’ (ధర్మానికి, దేవతలకు కట్టుబడినవాడు) అన్నాడని, ఆమెను ఓదార్చాలని ఉన్నా దేవతల ఆజ్ఞకు కట్టుబడి ఓడల దగ్గరికి వెళ్లాడు కాబట్టి ఆ మాటలో మెప్పూ ఉంది, నొప్పీ ఉంది అని రాసింది. ఎనిమిది వేశాను. మిగతావాళ్లను ఒక్క పంక్తి ఎంచుకుని సోమవారానికి మళ్లీ రాసుకు రమ్మన్నాను.