కాన్వెంట్ గదికి బిల్లు వేస్తే అది ఆతిథ్యమేనా?

కృష్ణలంక:
రోమ్‌లో హోటల్ రేట్లు చూసి గుండె గుభేలుమని, బెనెడిక్టైన్ సిస్టర్ల (పునీత బెనెడిక్ట్ రాసిన నియమావళి పాటించే క్యాథలిక్ సన్యాసినుల) గెస్ట్‌హౌస్‌లో దిగాం. గది అద్దంలా ఉంది. పాస్‌పోర్టులు చూస్తుండగా గంట మోగింది. కౌంటర్‌లో ఉన్న సిస్టర్ వాటిని పక్కన పెట్టి, కూర్చోమని సైగ చేసి సాయంకాల ప్రార్థనకు వెళ్లిపోయారు. అరగంట ఎదురుచూశాం. అదీ పర్లేదు. ఖాళీ చేసి వచ్చేటప్పుడు మాత్రం సిటీ ట్యాక్స్‌తో సహా బిల్లు చేతిలో పెట్టారు. వాళ్ల నియమావళి 53వ అధ్యాయం ఏ అతిథి వచ్చినా క్రీస్తే వచ్చినట్టు చేర్చుకోమంటుంది కదా. మరి క్రీస్తుకి బిల్లు వేస్తారా?

సగం టీ:
తిరుమలలో అన్నప్రసాదం ఉచితం, గదికి అద్దె. అక్కడ ఎవరూ ఈ ప్రశ్న అడగరే!

మేరీమాత గుట్ట:
53 ఒక్కటే చదివితే ఎలాగండీ? 48 కూడా చూడండి. సోమరితనం ఆత్మకు శత్రువట, తమ చేతి కష్టంతో బతికితేనే నిజమైన మఠవాసులట. 57 ఇంకా తమాషాగా ఉంటుంది. మఠంలో తయారైన సరుకు బయటివాళ్ల ధర కంటే కాస్త తక్కువకే అమ్మాలంటుంది. 6వ శతాబ్దంలోనే పునీత బెనెడిక్ట్ అమ్మకాన్ని ఒప్పుకున్నారు, దురాశనే వద్దన్నారు.

మా పిన్ని ఇటలీలో ఈ బెనెడిక్టైన్ సభలోనే సిస్టర్. తెల్లారకముందే ప్రార్థన, తర్వాత పూజ, ఆపైన గదుల పని. డెబ్బై దాటిన సిస్టర్లు కూర్చుని దిండు గలీబులు మడత పెడతారు. గంట మోగిందంటే ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకి వెళ్లాల్సిందే, దుప్పటి సగం ముడతలతో బల్ల మీదే ఉంటుంది. ప్రార్థన కంటే ఏ పనీ ఎక్కువ కాదని 43వ అధ్యాయం. మీ పాస్‌పోర్టులు ఆగింది అందుకే. కొత్తగా చేరే అమ్మాయిలు తక్కువ, పాత కట్టడాల పైకప్పు రిపేర్లు ఎక్కువ. డబ్బెక్కడి నుంచి వస్తుంది?

లెక్కల మాస్టారు:
చేతి కష్టమైతే అందరిలా పన్ను కట్టమనండి. 2006 నుంచి 2011 దాకా ఇటలీ ఇలాంటి సంస్థలకు ఆస్తి పన్ను మినహాయించింది. ఒక బీ అండ్ బీ (గది, పొద్దుటి టిఫిన్ ఇచ్చే చిన్న బస) యజమాని, ఒక మాంటిస్సోరి స్కూలు ఫిర్యాదు చేశారు. అది ప్రభుత్వం చేసిన అక్రమ సాయమే గానీ ఆ పన్ను తిరిగి వసూలు చేయడం అసాధ్యమని 2012లో యూరోపియన్ యూనియన్ పాలక సంస్థ అయిన యూరోపియన్ కమిషన్ చేతులెత్తేసింది. ఆ మాట చెల్లదని 2018లో యూరోపియన్ యూనియన్ కోర్టు కొట్టేసింది. పక్క వీధిలో నాలుగు గదులు అద్దెకిచ్చుకునే వాడిదీ చేతి కష్టమే కదా?

మేరీమాత గుట్ట:
పన్ను విషయంలో మీతో నాకు పేచీ లేదు మాస్టారూ. తర్వాత వచ్చిన చట్టంలో వ్యాపారానికి వాడే భాగానికి కట్టాల్సిందే, అదే న్యాయం. నేను సిస్టర్లను నిలదీసేది ఇంకోచోట. ధనవంతులకు భయంతోనైనా మర్యాద దొరుకుతుంది కాబట్టి పేదలనూ యాత్రికులనూ ఎక్కువ శ్రద్ధగా చూడమని అదే 53వ అధ్యాయంలో ఉంది. మరి కార్డు లేనివాడు తలుపు తడితే ఏం చేస్తారు? పిన్ని వాళ్లు అలాంటివాళ్ల కోసమని ఒక గదిని బుకింగ్ సైట్‌లో పెట్టరు. అన్ని కాన్వెంట్లూ అలాగే చేస్తాయని నేననను. చేయనివాళ్లను మాత్రం అడగాల్సిందే.

కృష్ణలంక:
అలాంటి గది ఉంటే వెబ్‌సైట్‌లో రాయొచ్చుగా?

మేరీమాత గుట్ట:
రాస్తే ముందు అడిగేది మనమేనండీ!

లెక్కల మాస్టారు:
సరే, ఆ ఒక్క గదికి మినహాయింపు ఇచ్చేద్దాం. మిగతావాటికి చలానా కట్టమనండి.